బండికి పోయు ఇంధనము, బిడ్డ పీల్చు గాలి

పెట్రోలు ధర ఒక రూపాయి పెరిగినచో ఆ వార్త తెల్లవారులోగా ఊరంతయు ప్రాకును. ఆ పెట్రోలులో ఏమి కలిపినారు, అది మండిన పిదప పొగగొట్టమునుండి ఏమి వెలువడుచున్నది అని అడుగువారు మాత్రము మనలో నూటికి ఒక్కరైనను ఉండరు. ఇప్పుడు మన దేశమున బండ్ల ఇంధనము మారుచున్నది. పెట్రోలులో మద్యసారము, అనగా ఇథనాల్, కలియుచున్నది. బస్సులు, ఆటోలు సహజవాయువుతో నడుచుచున్నవి. విద్యుత్తుతో నడుచు బండ్లు చిన్న ఊళ్ళకును వచ్చినవి. దీనివలన విదేశములకు చెల్లించు ద్రవ్యము ఎంత మిగులును, కిలోమీటరునకు ఖర్చు ఎంత తగ్గును అని లెక్కించువారు చాలమంది కలరు. అవియు కావలసిన లెక్కలే. కాని ఇంధనమును మార్చునపుడు మొట్టమొదట అడుగవలసినది వైద్యుని అని నా అభిప్రాయము. ఒకప్పుడు వైద్యులు చెప్పినను వినకపోవుటవలన లోకమునకు కలిగిన కీడు ఇంకను తీరలేదు.

1921 డిసెంబరులో అమెరికాలో జనరల్ మోటార్స్ పరిశోధనాలయమున థామస్ మిజ్లీ అను ఇంజనీరు ఒక మందు కనుగొనెను. బరువు లాగునపుడు లోపలి ఇంధనము వేళతప్పి మండి, ఇంజను టకటక కొట్టుకొనుట ఆనాటి కార్లకు పెద్ద జబ్బు. టెట్రాఇథైల్ లెడ్ అను సీసపు ద్రవమును పెట్రోలులో కొంచెము కలిపినచో ఆ చప్పుడు నిలిచిపోవుచుండెను. మద్యసారము కలిపినను నిలుచునని మిజ్లీకి తెలియును. ఆ మిశ్రమమును ఆయన స్వయముగా పరీక్షించియుండెను. అయితే మద్యసారమును ఎవరైనను కాచవచ్చును, అది ఏ ఒక్కరి సొత్తును కాదు; పైగా ఎక్కువ పాళ్ళలో కలుపవలెను. సీసము చిటికెడు చాలును, దానిపై పేటెంటు హక్కు సంపాదించవచ్చును. 1923 ఫిబ్రవరిలో ఒహాయో రాష్ట్రములోని డేటన్ నగరమున సీసపు పెట్రోలు అమ్మకమునకు వచ్చెను. దానికి 'ఇథైల్' అని పేరు పెట్టిరి. సీసము అను మాట ఆ పేరులో ఎక్కడను కానరాదు.

సీసము విషమని అప్పటికి తెలియనిది కాదు. 1924 అక్టోబరులో న్యూజెర్సీలో ఈ ద్రవమును తయారుచేయుచోట పనివారు మతిచలించి ఆసుపత్రి పాలైరి, అయిదుగురు మరణించిరి. ఆ నెలాఖరున మిజ్లీ పత్రికలవారి ఎదుట ఆ ద్రవముతో చేతులు కడుగుకొని, దాని ఆవిరిని పీల్చి చూపెను. అంతకు ముందు సంవత్సరమే ఆయన సీసపు విషముచే జబ్బుపడి విశ్రాంతి తీసికొనియుండెను. 1925 మే నెలలో వాషింగ్టనులో ఒక సభ జరిగెను. ఏల్ విశ్వవిద్యాలయమునకు చెందిన యాండెల్ హెండర్సన్, కార్మికుల వ్యాధులను పరిశీలించిన వైద్యురాలు ఆలిస్ హామిల్టన్ ఈ పెట్రోలు వలదని వాదించిరి. కర్మాగారములో మరణించినవారి సంగతి అందరికిని కనబడును గాని, వీధులలో ప్రతిదినము రవ్వంత రవ్వంత సీసమును పీల్చు జనులకు కలుగు కీడు ఎవరి కంటికిని కనబడదని వారి భయము. తయారీదారుల పక్షమున మాటాడిన వారొకరు ఇది దైవము ప్రసాదించిన వరమనిరి. వైద్యుల మాట ఓడిపోయెను.

తరువాత దాదాపు నూరు సంవత్సరములు ఈ పెట్రోలు లోకమున నడిచెను. మన దేశమున 2000 సంవత్సరములో ఆగిపోయెను. అల్జీరియా చిట్టచివరి దేశము; అచట 2021 జులైలో దీని అమ్మకము ముగిసెను.

సీసము శరీరములో ఏమి చేయునో తల్లిదండ్రులు తెలిసికొనవలెను. మన ఒడలు దీనిని సున్నపు ధాతువు, అనగా కాల్షియము, అని భ్రమపడి ఎముకలలో దాచుకొనును. గర్భవతి ఎముకలలో ఏనాడో చేరిన సీసము బయటపడి కడుపులోని శిశువునకు చేరును. ఎదుగుచున్న మెదడునకు ఇది పరమశత్రువు. బిడ్డకు జ్వరము రాదు, దగ్గు రాదు. చదువులో వెనుకబడును, నిలకడ తప్పును, మాట వినడు. పంతులుగారు మందబుద్ధి అందురు, తండ్రి అల్లరివాడు అని కొట్టును. సీసపు మాట ఎవరికిని తోచదు. ఇనుము తక్కువై రక్తహీనతతో ఉన్న బిడ్డ పేగులు సీసమును మరింత ఎక్కువగా పీల్చుకొనును. మన పిల్లలలో రక్తహీనత ఎంతగా ఉన్నదో వేరుగా చెప్పనక్కరలేదు. అమెరికాలోని వ్యాధి నివారణ సంస్థ డెసిలీటరు రక్తములో 10 మైక్రోగ్రాముల సీసమున్నచో జాగ్రత్తపడవలెనని 1991లో చెప్పి, ఆ హద్దును 2012లో 5కు, 2021లో 3.5కు దించినది. ఇంతవరకు హాని చేయదు అని చెప్పదగిన మోతాదు ఏదియు లేదు.

సీసమును పెట్రోలునుండి తొలగించుటకు మొదట త్రోవ తీసినది పిల్లల మీది దయ అని చెప్పుటకు మనసొప్పదు. పొగను శుద్ధి చేయుటకు కార్లకు కెటలిటిక్ కన్వర్టర్ అను పెట్టె అమర్చిరి. సీసము తగిలినచో ఆ పెట్టె చెడిపోవును. అందుచేత 1975 నాటి అమెరికా కార్లకును, 1995లో మన నాలుగు మహానగరములలోని క్రొత్త కార్లకును సీసములేని పెట్రోలు వచ్చెను. కన్వర్టరునకు పథ్యము దొరికిన తరువాత గాని బిడ్డకు దొరకలేదు! ఏమైనను ఫలము మంచిదే. 1976 మొదలు 1980 వరకు అమెరికాలో పెట్రోలులో సీసము తగ్గినకొలది ప్రజల రక్తములోని సీసము సుమారు 37 శాతము తగ్గెను. ఇంత త్వరగా గుణమిచ్చిన చికిత్సలు వైద్యశాస్త్రమున అరుదు.

మన దేశమున ప్రజారోగ్యము నిమిత్తమే ఇంధనమును మార్చిన గొప్ప ప్రయత్నము ఢిల్లీలో జరిగెను. న్యాయవాది ఎం.సి. మెహతా 1985లో వేసిన వ్యాజ్యముపై 1998 జులై 28న సుప్రీంకోర్టు ఆజ్ఞ ఇచ్చుచు, 2001 మార్చి 31 నాటికి నగరపు బస్సులన్నియు డీజిలు విడిచి సహజవాయువునకు మారవలెననెను. గడువు సమీపించువరకు పని నత్తనడక నడిచెను. గడువు దాటిన పిదప బస్సులు చాలక జనులు నడివీధిలో నిలిచిరి. వాయువు నింపు బంకుల వద్ద ఆటోలు, బస్సులు గంటలకొలది బారులు తీరెను. 2002 ఏప్రిల్ 5న న్యాయస్థానము మారని డీజిలు బస్సునకు దినమునకు 500 రూపాయలు, నెల దాటినచో 1000 రూపాయలు జుల్మానా విధించెను. ఆ సంవత్సరము డిసెంబరునకు నగరములో డీజిలు బస్సులు వెడలిపోయెను.

ఆ కాలమున ఒక వాదము బయలుదేరినది. పొగ ఎంత శుభ్రముగా ఉండవలెనో ప్రభుత్వము చెప్పవలెను గాని, ఏ ఇంధనము వాడవలెనో చెప్పరాదని మషేల్కర్ సంఘము 2002లో అభిప్రాయపడెను. సూత్రమునకు ఇది సరియైన మాటయే. కాని ఆనాడు మన బజారులో డీజిలులో కిరోసిను కలుపుట అందరెరిగిన విద్య. కాగితము మీద ఎంత శుభ్రమైన డీజిలును వ్రాసినను, దారిలో అది మరియొకటి అగుచుండెను. సహజవాయువును సుమారు 200 రెట్ల వాతావరణపు ఒత్తిడితో సిలిండరులో నింపుదురు; అందులో కిరోసిను కలుపుట ఎవరి తరము? అందుచేత ఆ నగరమునకు, ఆ కాలమునకు న్యాయస్థానము మాటయే మేలైనదని నేను తలచుచున్నాను. డీజిలు పొగ మానవులకు క్యాన్సరు కలిగించునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో నిర్ధారించినది. ఇక 2020 ఏప్రిల్ మొదలు దేశమంతట అమ్ము డీజిలులో గంధకము పదిలక్షల పాళ్ళలో 10 పాళ్ళకు మించరాదు.

అట్లని సహజవాయువు ఢిల్లీని కాపాడినదని చెప్పిన అది అబద్ధమగును. బస్సుల నల్లపొగ పోయెను. బండ్ల సంఖ్య మాత్రము ఏటేట పెరిగిపోయెను. నేటి శీతకాలపు గాలి ఎట్లున్నదో పత్రికలు చదువువారికి తెలియును. విజయవాడ, హైదరాబాదు నగరములలో వాయువుతో నడుచు ఆటోలను చూచి సంతోషించువారు ఈ సంగతి మరువరాదు.

ఇథనాల్ గురించి కొద్దిగా చెప్పుదును. 2003లో కొన్ని రాష్ట్రములలో 5 పాళ్ళతో మొదలైన మిశ్రమము 2025 నాటికి 20 పాళ్ళకు చేరినది. 1921లో మిజ్లీ ప్రక్కకు నెట్టిన మద్యసారమే నేడు ఇంజను కొట్టుకొనకుండ కాపాడు పనికి తిరిగి వచ్చినది. దీనివలన కార్బన్ మోనాక్సైడు తగ్గును. ఆల్డిహైడులు అను ఘాటైన ఆవిరులు కొంత పెరుగును. కర్మాగారములకు కావలసిన నీరు, అవి విడుచు మురుగు వేరే ప్రశ్న. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ ప్రజలు ఇథనాల్ కర్మాగారము వలదని రహదారిపైకి వచ్చిరి. వారి భయమునకు పరీక్షల ఫలితములతో సమాధానము చెప్పవలెను గాని విసుగుకొనరాదు.

నన్ను అన్నిటికంటె కలవరపెట్టునది విద్యుత్ రిక్షా. పొగ లేదు, చప్పుడు లేదు, పేదవానికి జీవనము. కాని పెక్కు రిక్షాల సీటు క్రింద నున్నవి సీసపు బ్యాటరీలు. బ్యాటరీ బరువులో సగమునకు పైగా సీసమే. ఎడతెగక నడుచు రిక్షాలో అవి త్వరగా అరిగిపోవును. పాతవానిని తూకమునకు కొనువారు కొందరు పెరటిలోనే సుత్తితో పగులగొట్టి, ఆమ్లమును నేలపై పారబోసి, పలకలను మూకుడులో కరిగింతురు. ఆ పొగ, ఆ ధూళి ఇరుగుపొరుగు పిల్లల చేతులకు, నోళ్ళకు చేరును. సెనెగల్ దేశమున డాకర్ నగర శివారులో ఇట్టి పని జరిగిన వాడలో 2007 నవంబరు మొదలు 2008 మార్చి వరకు 18 మంది పిల్లలు మరణించిరి. మన దేశమున 27 కోట్లకు మించిన పిల్లల రక్తములో 5 మైక్రోగ్రాములకు పైబడి సీసమున్నదని యూనిసెఫ్ 2020లో అంచనా వేసినది. ఇందులో రంగులు, వంటపాత్రలు, కల్తీ పసుపు మున్నగువాని పాలును కలదు. అయినను పెట్రోలు గొట్టమునుండి వెళ్ళగొట్టిన విషమును బ్యాటరీ ద్వారమున మనమే లోనికి పిలుచుచున్నామేమో చూచుకొనవలెను.

2022లో వచ్చిన నిబంధనల ప్రకారము, తాము అమ్మిన బ్యాటరీలను తిరిగి సేకరించి శుద్ధి చేయించు బాధ్యత తయారీదారులదే. కావున రిక్షా సోదరులు పాత బ్యాటరీని కొన్న దుకాణమునకే ఇచ్చి రసీదు తీసికొనవలెను; పది రూపాయలు ఎక్కువ ఇచ్చునని తూకమువానికి వేయరాదు. బ్యాటరీ పనివారు స్నానము చేసి బట్టలు మార్చిన తరువాతనే బిడ్డను ఎత్తుకొనవలెను. ఆ బట్టలను ఇంటివారి బట్టలతో కలిపి ఉతుకరాదు. ఇక అధికారులకు ఒక మనవి. బ్యాటరీలు కరిగించు స్థలమునకు అనుమతి ఇచ్చుటకు ముందొకసారి, ఏడాది గడచిన పిదప మరియొకసారి, ఆ వాడలోని పిల్లల రక్తమును పరీక్షించి, ఆ అంకెలను పంచాయతీ గోడపై వ్రాయించవలెను. తొలి పరీక్షకు వ్రేలి కొసనుండి తీసిన రెండు చుక్కల రక్తము చాలును.