పాదయాత్రల ముందు మన ఆడోళ్లను ఆడించుడు ఇక బంద్ పెట్టాలె



పోస్టు పొడుగైంది. ఓపికతో చదవండి. నచ్చకపోతే కామెంట్లల్ల కొట్లాడండి, కానీ మొత్తం చదివి కొట్లాడండి. ఇది ఒక్క పార్టీ మీద రాస్తున్నది కాదు. జెండా రంగు మారినా తంతు మారుతలేదు కాబట్టి రాస్తున్న.

మన నేరేడుచర్ల 2018ల మున్సిపాలిటీ అయింది. 167 నంబర్ జాతీయ రహదారి ఊరి మీదుగనే పోతది. ఇటు మిర్యాలగూడ, అటు హుజూర్‌నగర్, ఆ ముందర కోదాడ. పొద్దున మిర్యాలగూడల నడక మొదలుపెట్టినోళ్లకు కాళ్లు పీకే టైముకు మన ఊరు వస్తది. అందుకే ఈ రోడ్డున నడిచే నాయకులకు నేరేడుచర్ల అంటే ఒక సభ, ఒక భోజనం, ఒక రాత్రి బస. అంతే.

ఆ ఒక్కరోజు ఎట్ల ఉంటదో అందరం చూసినం. తెల్లారక ముందే ఫ్లెక్సీలు కడ్తరు. రోడ్డు పక్కన పండ్ల బండ్లోళ్లను జరుపుతరు. డీజే, పైన డ్రోన్, క్రేన్‌కు గజమాల. అందరికన్నా ముందు వరుసల ఎవరు? మన తండాల ఆడోళ్లు. ఫేటియా, కాంచళి, టుక్రి కట్టుకోని రమ్మంటరు, ఆటోలల్ల తెస్తరు, ఎండల గంటలకు గంటలు నిలబెడ్తరు. నాయకుడు వచ్చి వాళ్ల చేతులు పట్టుకోని రెండు అడుగులు వేస్తడు. ఫొటో వస్తది. పొద్దుగూకినంక ప్లాట్లు కొట్టిన వెంచర్ల టెంట్లు, కారవాన్లు, జనరేటర్లు. తెల్లారి చూస్తే ఖాళీ నీళ్ల ప్యాకెట్లు, విస్తరాకులు. యాత్ర హుజూర్‌నగర్ దారి పట్టి ఉంటది.

ఒక యాత్రల నేను కండ్లార చూసింది చెప్త. పేరు పెట్టను, ఎందుకంటే వేరే యాత్రలైనా అదే జరిగేది. మా యాడి వయసున్న ఒకామె తండాల నీళ్ల ట్యాంకు గురించి నాయకునికి చెప్పబోయింది. పక్కనున్న లీడర్ అన్నడు గదా: "అవన్నీ తర్వాత మాట్లాడుదాం, ముందుగాల డాన్సు చెయ్యమ్మా." ఆమె డాన్సు చేసింది. ఆ "తర్వాత" ఇంకా రాలేదు.

మన బట్టల మీద, మన ఆట మీద నాకు కోపం లేదు. తీజ్ పండుగకు మా అమ్మమ్మ ఫేటియా నేనే కట్టుకుంట. నా కోపమంతా ఒక్కదాని మీదనే. మన ఆట కావాలె, మన మాట వద్దు అంటున్నరు. అది మనం ఒప్పుకుంటున్నం.

నడుచుడు గురించి మనకు ఎవరూ నేర్పే పని లేదు. లంబాడోళ్లు లదేణి మీద బతికినోళ్లు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకోని దేశమంతా నడిచినోళ్లు. 17వ శతాబ్దంల మొగల్ సైన్యాలు దక్కనుకు దిగితే వాటి వెంబడి తిండిగింజలు మోసింది మనోళ్లే. పొద్దుగూకిన కాడ దిగితే ఆ మకామే తండా. తర్వాత రైలు వచ్చింది, ఎద్దుల బేరం పోయింది. 1871ల తెల్లోళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చి, తిరిగి బతికే ఎన్నో జాతులను, వాటిల్ల బంజారా గుంపులను కూడా, పుట్టుకతోనే దొంగల లెక్కల రాసిండ్రు. ఊరు దాటాలంటే అనుమతి, పోలీసు కాడ హాజరు. ఆ చట్టం రద్దయింది 1952ల. అంటే మనం నడిస్తే నేరం, గుడారం వేస్తే అనుమానం. వాళ్లు నడిస్తే త్యాగం, గుడారం వేస్తే వార్త.

పాత ముచ్చట అంటరా? 2020 లాక్‌డౌన్ యాదికి తెచ్చుకోండి. ములుగు జిల్లా మిర్చి తోటలకు కూలికొచ్చిన 12 ఏండ్ల ఆదివాసీ పాప, ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లాల ఉన్న తన ఊరికి మూడు రోజులు నడిచి, ఇల్లు ఇంకొంచెం దూరం ఉందనంగ పానం ఇడిచింది. ఆ నడకకు స్వాగత తోరణం ఎవరూ కట్టలేదు.

ఇగ మన లెక్క చూద్దాం. నేను ఆరు నుంచి పది దాకా బడికి నడిచే పోయిన. పోను రెండు కిలోమీటర్లు, రాను రెండు. ఏడాదికి బడి 220 రోజులు అనుకుంటే 880 కిలోమీటర్లు. ఐదేండ్లకు 4,400. రాహుల్ గాంధీ భారత్ జోడో యాత్రల కన్యాకుమారి నుంచి శ్రీనగర్ దాకా నడిచింది 4,000 కిలోమీటర్ల పైచిలుకు. జగన్ ఇడుపులపాయ నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచింది 3,648. నా పుస్తకాల సంచి నడక వాళ్ల నడక కంటే ఎక్కువే! ఈ గ్రూపుల నా లెక్క నడిచినోళ్లు వందల మంది ఉంటరు. నేను గొప్ప కోసం చెప్తలేను. మా తండాకు బస్సు రాకపోవుటానికి అది కొలత.

వాళ్ల నడక ఎక్కడికి చేరిందో కూడా చూడండి. వైఎస్ రాజశేఖర రెడ్డి 2003 ఎండాకాలం చేవెళ్ల నుంచి నడిచిండు, 2004ల ముఖ్యమంత్రి. చంద్రబాబు 2012ల హిందూపురం నుంచి మొదలుపెట్టిండు, 2014ల ముఖ్యమంత్రి. జగన్ 2017ల మొదలుపెట్టిండు, 2019ల ముఖ్యమంత్రి. మన భట్టి విక్రమార్క 2023ల ఆదిలాబాద్ జిల్లా పిప్పిరి నుంచి ఖమ్మం దాకా 109 రోజులు నడిచిండు, అదే ఏడాది డిసెంబరుల ఉప ముఖ్యమంత్రి. వాళ్ల దారి కుర్చీ దాకా పోయింది. మరి వాళ్ల ముందు ఆడిన మన యాడీల దారి ఏడిదాకా పోయింది?

"అంటే పాదయాత్రలన్నీ దండుగేనా?" అని కొందరు అన్నలు అడుగుతరు. దండుగ అంటలేను. 2003ల కరువుల రైతులు అడిగింది సూటిగ అడిగిండ్రు: కరెంటు బిల్లు కట్టలేం, ఉచితంగ ఇయ్యాలె. 2004 మే 14న ప్రమాణం చేసిన రోజే ఉచిత కరెంటు మీద సంతకం అయింది. అడిగింది సూటిగ ఉంటే వచ్చింది కూడా సూటిగ వచ్చింది.

ఇంకా పాతది, మన పాత నల్లగొండ జిల్లాదే చెప్త. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే నడుసుకుంట పోచంపల్లికి వచ్చిండు. మీకేం కావాలె అని దళితవాడను అడిగిండు. వాళ్లు డప్పు కొట్టి పంపలేదు. 40 కుటుంబాలం ఉన్నం, 80 ఎకరాలు కావాలె అన్నరు. అక్కడనే వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తనన్నడు. భూదానోద్యమం అట్ల పుట్టింది. దానికి పుస్తకాలల్ల వినోబా పేరే ఉంటది. నా లెక్కల ఆ రోజు అసలు పని చేసింది ఆ 80 అనే అంకె. "మమ్మల్ని ఆదుకోండి అయ్యా" అని ఉంటే దండం పెట్టి ముందుకు పోయేటోడేమో. తర్వాత చాలాచోట్ల భూదాన్ భూములు కాగితాల మీదనే మిగిలినయ్, కేసులల్ల ఇరుక్కున్నయ్. అది కూడా మనకు పాఠమే. అంకె చెప్పుడు మొదటి పని, వెంటపడుడు రెండో పని.

అందుకే నా మాట ఇది. ఇకమీద నేరేడుచర్లకు ఏ యాత్ర వచ్చినా, ఎవరు వచ్చినా, తండా తరఫున ఒక్క కాగితం తయారుగ ఉండాలె. ఒక్క పేజీ చాలు.

ఒకటి, దారి. తండా నుంచి మెయిన్ రోడ్డుకు ఎన్ని కిలోమీటర్లు, బస్సు వస్తదా రాదా, వానకాలం ఆటో పోతదా పోదా. ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయింది, సంతోషం. కానీ బస్సే రాని కాడ ఫ్రీ టికెట్ ఏం చేసుకోవాలె?

రెండు, భూమి. సర్వే నంబరు, ఎకరాలు, ఎన్ని కుటుంబాలు సాగు చేస్తున్నయ్, ఎన్నిటికి పాసుబుక్కు ఉంది. మఠంపల్లి మండలం గుర్రంబోడు తండా భూముల గొడవ రాష్ట్రమంతా చూసింది. వచ్చినోళ్లు వచ్చిండ్రు, పోయిండ్రు. రైతు కాడ మిగిలేది పాసుబుక్కు ఒక్కటే.

మూడు, చదువు. తండాల కాలేజీ చదివేటోళ్లు ఎంతమంది, ఎంతమందికి స్కాలర్‌షిప్ రాలేదు, ఎన్ని నెలల నుంచి. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాకపోతే కాలేజీల సర్టిఫికెట్ ఆగుతది. ఇంట్ల మొదటిసారి డిగ్రీ చదివేటోళ్లకు ఆ కాగితం ఆగితే ఇల్లే ఆగినట్టు.

నాలుగు, మున్సిపాలిటీ. ఇది మనోళ్లు తక్కువ మాట్లాడుతరు. టౌన్ పెరుగుతుంటే పక్కన ఉన్న తండాలను వార్డులల్ల కలుపుదామనే మాట వస్తనే ఉంటది. వినటానికి మంచిగుంటది. కానీ ఉపాధి హామీ పని గ్రామాలకే, వార్డుకు రాదు. ఇంటి పన్ను మున్సిపల్ లెక్కల వస్తది. 2018 పంచాయతీరాజ్ చట్టంతోని "మా తండాల మా రాజ్యం" అని పంచాయతీలు తెచ్చుకున్నం. వార్డుల కలిస్తే సర్పంచ్ కూడా పోతడు. కలిపే ముందు తండాను అడగాలె అని రాయండి.

ఆ కాగితం ఇచ్చేటప్పుడు వీడియో తీయండి. జిరాక్స్ మన కాడ ఉంచుకోండి. మెయిన్ రోడ్డు మీద పాతిక కిలోమీటర్లు నడిచే నాయకుణ్ణి తండా దారిల రెండు కిలోమీటర్లు నడవమని అడగండి, సాయంత్రం బురదల, కారవాన్ లేకుండ. నడిస్తే అప్పుడు మన యాడీలకు ఇష్టమైతే ఆడుతరు. అది మర్యాద అయితది. ఇప్పుడు జరిగేది కిరాయి.

ముందుగాల పెద్దమనుషులు ఒప్పుకోరు, "లీడర్లతోని మనకెందుకు బిడ్డా" అంటరు. మా ఇంట్ల కాలేజీకి పోయిన మొదటిదాన్ని నేనే. నాకు చదువు వచ్చింది ఆ కాగితం రాయటానికే అని మా బాపుకు చెప్పిన. మీరూ చెప్పండి.

నేరేడుచర్ల, పాలకీడు, మఠంపల్లి, గరిడేపల్లి వైపు తండాలోళ్లు ఈ పోస్టు కిందనే మొదలుపెట్టండి. తండా పేరు, మెయిన్ రోడ్డుకు దూరం, బస్సు ఉందా లేదా, పాసుబుక్కు లేని కుటుంబాలు ఎన్ని. నాలుగు ముక్కలు రాస్తే చాలు. ఎవరింటి వివరాలు, ఫోన్ నంబర్లు పెట్టకండి. వచ్చినయన్నీ ఒక్క పేజీల కూర్చి ఇదే గ్రూపుల పెడ్త. వచ్చే యాత్ర ఎవరిదో నాకు తెల్వదు. కాగితం మాత్రం అప్పటికి తయారుగ ఉండాలె.