కొర్రలు అమ్ముదాం, ఆశలు అమ్మొద్దు



ఆదివారం ఆదివారం కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర మన కూరగాయలు, కొర్రలు, అండుకొర్రలు పెడుతుంటాను. పోయిన నెల ఐటీలో పనిచేసే ఒకావిడ ఐదేళ్ల బాబును వెంటబెట్టుకుని వచ్చారు. "అన్నా, బాబుకు ఆటిజం. మలబద్ధకం కూడా ఉంది. సిరిధాన్యాలతో తగ్గుతుందని వాట్సాప్‌లో వచ్చింది. థెరపీ మానేసి మూడు నెలలు ఇవే పెడదామనుకుంటున్నా. తగ్గుతుంది కదా?" అన్నారు.

అవునంటే సరుకంతా అక్కడే అయిపోయేది. అనలేకపోయాను. ఎందుకో వీడియోలో కొంత చెప్పాను, మిగతాది ఇక్కడ రాస్తున్నా.

పేగుకూ ఆటిజానికీ సంబంధమే లేదని నేననను. ఈ పిల్లల్లో మలబద్ధకం, కడుపునొప్పి, విరేచనాలు మిగతా పిల్లల్లో కంటే ఎక్కువ. మాట రాని బిడ్డ నొప్పని చెప్పుకోలేడు, ఏడుస్తాడు, తల బాదుకుంటాడు. ఆ కడుపు బాధకు డాక్టరుకు చూపించాల్సిందే.

2019లో అమెరికాలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు, ఆరోగ్యవంతుల పేగు సూక్ష్మజీవులు ఇచ్చిన 18 మంది పిల్లల్లో రెండేళ్ల తర్వాత కూడా మెరుగుదల ఉందని రాశారు. కానీ పోల్చడానికి ఉత్తుత్తి మందు ఇచ్చిన పిల్లలు అందులో లేరు. పక్క మడిని పోయకుండా వదిలి చూస్తేనే గదా జీవామృతం పనితనం మనకు తెలిసేది!

2021లో ఆస్ట్రేలియాలో 247 మంది మీద చేసిన పరిశోధన వేరే మాట చెప్పింది. ఆటిజం ఉన్న పిల్లలు కొన్ని రకాలే తింటారు, అందువల్లే పేగులో సూక్ష్మజీవుల రకాలు తగ్గుతున్నాయని. ఏళ్ల తరబడి ఒకే పంట వేస్తే మట్టిలో జీవం తగ్గుతుంది. జీవం తగ్గింది కాబట్టి రైతు ఒకే పంట వేశాడని అనం కదా.

అసలే నాలుగు రకాలే తినే బిడ్డకు పాలు, గోధుమ, అన్నం ఒక్కసారిగా మాన్పిస్తే ఒళ్లు గుల్లవుతుంది. థెరపీ ఆపితే పోయిన కాలం తిరిగిరాదు. ఖర్చు భారమైతే బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది, ఒకసారి వెళ్లి అడగమన్నాను.

మన ప్యాకెట్ల మీద, స్టేటస్‌లలో "ఆటిజం తగ్గును" అని రాయొద్దని నా మనవి. ఏ ఊరి పంట, ఎప్పుడు కోశాం, ఏం చల్లాం, ఏం చల్లలేదు... మనం పూచీ పడగలిగేది అంతవరకే.

ఆవిడ ఇంట్లోవాళ్లందరికీ అని కిలో కొర్రలే తీసుకున్నారు. పోతే పోనీ. వచ్చే ఆదివారం కూడా ఆ తల్లి ముందే నిలబడాలి గదా.