గడ్డలు ఉండనీయండి, తాడు మాత్రం కట్టండి

మా పాండ్‌లో నీళ్లు నింపడం మొదలుపెట్టిన మూడో రోజు బాపు ఫోన్ చేశాడు. నేను హాస్టల్‌లో ఇంటర్నల్స్‌కి చదువుతున్నా. "తిన్నవా" అని కూడా అడగలేదు. "అడుగుల గడ్డలున్నయ్ రా. కాలుకు తాకుతున్నయ్. గిన్ని పైసలు పెడితే గిట్ల చేసిండ్రు" అన్నాడు.

ముందు ఈ పాండ్ ఏంటో చెప్పాలి. మాది జగిత్యాల దగ్గర ఊరు. మామిడి తోట ఉంది, నేల చల్క. చల్కలో గుంత తవ్వి నీళ్లు పోస్తే జల్లెడలో పోసినట్టే. ఆదిలాబాద్ దగ్గర మా మేనమామ వాళ్లది రేగడి నేల. ఆ మట్టి తడిస్తే ఉబ్బి మూసుకుంటుంది కాబట్టి ఆయన కుంటకు ఏ షీటూ లేదు. మాకు ఆ అదృష్టం లేదు. అందుకే జేసీబీతో గుంత తవ్వించి, లోపల 500 మైక్రాన్ల ప్లాస్టిక్ షీట్ వేయించాం. పైన 20 మీటర్లు పొడవు, 20 మీటర్లు వెడల్పు, లోతు 3 మీటర్లు. పక్కలు 45 డిగ్రీల వాలు. అంటే అడుగు 14 మీటర్ల చదరం.

అదే వారం న్యూజెర్సీలో ఉండే మా పెదనాన్న కొడుకు వీడియో కాల్ చేశాడు. వాళ్లు కొత్తగా ఇంటి వెనక స్విమ్మింగ్ పూల్ కట్టించుకున్నారు. వినైల్ లైనర్ పూల్. అన్న ముఖం కూడా బాపు ముఖంలాగే ఉంది. "ఫ్లోర్ మీద నడుస్తుంటే బంప్స్ తగుల్తున్నాయి రా. రాత్రి లైట్ వేస్తే ఇంకా క్లియర్‌గా కనిపిస్తున్నాయి" అన్నాడు. లైనర్ మందం ఎంతని అడిగితే 20 మిల్ అన్నాడు. ఫోన్ పెట్టేసి లెక్క చూశా. 20 మిల్ అంటే దాదాపు అర మిల్లీమీటరు. మా 500 మైక్రాన్లూ అంతే. ప్లాస్టిక్ రకం వేరు, దేశం వేరు, ఖర్చులో పోలికే లేదు. మందం ఒకటే, బాధ ఒకటే.

అర మిల్లీమీటరు షీట్ ఏ తప్పునూ దాచలేదు. కింద చిన్న మట్టిపెళ్ల ఉన్నా, జేసీబీ పళ్ల గీత ఉన్నా, మేస్త్రి మోకాలు ఆనించిన గుర్తు ఉన్నా పైకి తెలుస్తుంది. పైగా నీళ్ల బరువు తక్కువేం కాదు. 2.5 మీటర్ల లోతుకి ప్రతి చదరపు మీటరు మీద 2.5 టన్నులు పడుతుంది. ఆ బరువు షీట్‌ని కింద నేల ఎలా ఉంటే అలాగే అతికిస్తుంది. అమెరికాలో ఆ నేలను ఇసుక, సిమెంటు కలిపి చేత్తో నున్నగా చేస్తారు. చేత్తో చేసింది గ్లాసులా రాదు. మన కరీంనగర్ గ్రానైట్‌లాగా మిషన్ మీద పాలిష్ పట్టింది కాదు కదా.

బాపు మాత్రం ఒకటే మాట: "నీళ్లు తీసేసి, షీట్ లేపి, మళ్ల సాపు చేయిస్త."

శనివారం ఇంటికి వెళ్లా. నీళ్లు నా ఛాతీ దాకా ఉన్నాయి. గడ్డలు ఎన్నున్నాయో నేనే లెక్కపెడతానని దిగా. దిగడం ఏముంది, వాలు మీద కూర్చుంటే జారుడుబండలాగా లోపలికి వచ్చేశా. కాళ్లతో అడుగంతా వెతికా. మొత్తం 11 తేలాయి. తొమ్మిది గుండ్రటివి, కాలితో గట్టిగా తొక్కితే అణుగుతున్నాయి. ఒకటి షీట్ ముడత. ఒక్కటి మాత్రం మూలకు గట్టిగా ఉంది, రాయి అయ్యుంటుంది. అంచు మాత్రం పదునుగా లేదు.

లెక్క అయిపోయింది. పైకి రాబోయా. రాలేకపోయా.

తడి ప్లాస్టిక్ మీద 45 డిగ్రీల వాలు. నాలుగు అడుగులు పాకితే అయిదు అడుగులు కిందికి జారుతున్నా. పట్టుకోవడానికి ఒక్క గడ్డిపోచ కూడా లేదు. చిన్నప్పటినుంచి బాయిలో ఈత కొట్టినవాణ్ణి. కానీ ఇక్కడ ఈతతో పనే లేదు. బాపు మొదట దిగినప్పుడు షీట్ వేసినవాళ్ల నిచ్చెన అక్కడే ఉంది, తర్వాత వాళ్లు పట్టుకుపోయారు. ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు. మొదట నవ్వులాట అనుకున్న బాపు, అయిదారుసార్లు జారాక నవ్వు ఆపేశాడు. బోరు మోటర్ దింపే తాడు తెచ్చి వేస్తే అది పట్టుకుని బయటపడ్డా.

నీళ్లు ఛాతీ దాకే ఉన్నాయి కాబట్టి నిలబడగలిగా. నిండా ఉంటే? నేను కాకుండా, ఆ టైమ్‌లో గట్టు మీద గంతులేస్తున్న మా ఎనిమిదేళ్ల చెల్లె అయితే? ఫారం పాండ్‌లో పడి పిల్లలు పోయారన్న వార్తలు మనం పేపర్లో చదువుతూనే ఉంటాం. ఒకరిని కాపాడబోయి ఇంకొకరు కూడా పోతుంటారు. ఎందుకో నాకు ఆ రోజు అర్థమైంది.

నాకు సిగ్గనిపించింది ఇక్కడే. వారం రోజులు ఇంట్లో అందరం గడ్డల గురించే మాట్లాడుకున్నాం. కాంట్రాక్టర్‌తో కొట్లాడాం. తాడు గురించి ఒక్కరం మాట్లాడలేదు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో సివియారిటీ, ప్రయారిటీ అని పరీక్షకోసం బట్టీ పడతాం కదా. స్క్రీన్ మీద బటన్ రెండు పిక్సెళ్లు పక్కకి జరిగితే అందరికీ కనిపిస్తుంది, అందరూ రిపోర్ట్ చేస్తారు. డేటా మొత్తం పోగొట్టే బగ్ మాత్రం బయటపడే రోజు దాకా ఎవరికీ కనిపించదు. మా పాండ్ కథ అదే.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెప్తా. గుండ్రటి చిన్న గడ్డలతో బతకొచ్చు. బతకాలి కూడా. ఎందుకంటే సరిచేయడానికయ్యే ఖర్చు ఆ తప్పుకంటే పెద్దది. మా పాండ్‌లో పైన అర మీటరు వదిలి నింపితే దాదాపు 6.85 లక్షల లీటర్లు పడతాయి. మా బోరు గంటకు 5 వేల లీటర్లు పోస్తుంది. రోజుకు పది గంటలు నడిపినా రెండు వారాలు. ఆ నీళ్లు పారబోసి, షీట్ లేపితే, లేపేటప్పుడు చిరగదని గ్యారంటీ ఎవరిస్తారు? అన్నకి కూడా బిల్డర్ ఇదే చెప్పాడట. నీళ్లు ఖాళీ చేస్తే వినైల్ ముడుచుకుపోవచ్చు, కింద భూగర్భ జలం పైకి తోయొచ్చు, బంప్ కోసం లైనరే పోవచ్చు అని.

"ఇట్లా సర్దుకుపోతేనే కదా కాంట్రాక్టర్లు ఇష్టమొచ్చినట్టు చేసేది" అని మీరు అడగొచ్చు. మా అమ్మ కూడా అదే అడిగింది. న్యాయమైన ప్రశ్నే. కానీ గట్టిగా పట్టుబట్టడానికి ఒక టైమ్ ఉంటుంది, అది నీళ్లు పోయకముందు. షీట్ వేయకముందే చెప్పుల్లేకుండా అడుగంతా నడవాలి. కాలుకు తగిలిన ప్రతి రాయి, ప్రతి వేరు తీయించాలి. షీట్ పరిచాక మళ్లీ నడవాలి. అప్పటిదాకా పైసలు పూర్తిగా ఇవ్వొద్దు. మేం ఆ పని చేయలేదు, అది మా తప్పు కూడా. నీళ్లు పోశాక అడగాల్సిన ప్రశ్న వేరు: ఇది కారుతోందా, లేదా?

దానికి ఒక తేలిక పరీక్ష ఉంది. పూల్ ఉన్నవాళ్లంతా చేసేదే. బకెట్‌లో నీళ్లు పోసి, అంచు పైకి ఉండేలా పాండ్ నీళ్లలోనే కదలకుండా పెట్టాలి. బకెట్‌లో, పాండ్‌లో నీటిమట్టం ఎక్కడుందో గుర్తు పెట్టి, మోటర్ బంద్ చేసి 24 గంటలు ఆగాలి. రెండూ ఒకేలా తగ్గితే ఆ నీళ్లు ఎండకి పోయినవే. పాండ్‌లో ఎక్కువ తగ్గితే ఎక్కడో చిల్లు ఉన్నట్టు. మాది రెండూ సమానంగా తగ్గాయి. ఆ మూల రాయిని మాత్రం వదిలేయలేదు. ఎండాకాలం తోటకు నీళ్లు పారించాక అడుగు తేలుతుంది, అప్పుడు చూస్తాం.

తాడు విషయంలో మాత్రం ఎండాకాలం దాకా ఆగలేదు. ఆదివారం పొద్దున్నే నాలుగు పక్కలా గట్టు మీద కడీలు పాతి, అడుగున్నరకు ఒక ముడి వేసిన తాళ్లు నీళ్లలోకి వేలాడదీశాం. గాలి నింపిన పాత లారీ ట్యూబు ఒకటి కట్టి పడేశాం. అన్న వాళ్ల దగ్గర ఇంటి పూల్ చుట్టూ కంచె లేకపోతే పర్మిషనే ఇవ్వరట, కనీసం నాలుగడుగులు ఉండాలట. మన దగ్గర అడిగేవాళ్లు లేరు కాబట్టి మనమే అడగాలి. మా కంచె పని వచ్చే నెల.

ఈ సెలవులకి మీలో చాలామంది ఊళ్లకు పోతారు. ఇంట్లో గానీ, చుట్టాల దగ్గర గానీ ఇలాంటి పాండ్ ఉంటే అడుగు ఎంత నున్నగా ఉందని చూడకండి. తాడు ఉందా లేదా చూడండి. లేకపోతే ఆ రోజే కట్టి రండి.

బాపు ఇప్పటికీ ఎవరైనా చుట్టాలొస్తే "అడుగుల పదకొండు గడ్డలున్నయ్" అని చెప్తాడు. తర్వాత తాడు లాగి చూపిస్తాడు.