కొలువు వేట సరే, పాట ఎందుకు ఆపాలి?

బోధన్‌లో నిజాం షుగర్స్ 2015లో మూతపడింది. పర్మినెంట్ కొలువులే పోవడం కళ్లారా చూసిన పెద్దలు "ముందు జాబ్ చూస్కో, పాటలూ గీటలూ తర్వాత" అంటే తప్పుపట్టలేం. అయినా ఆ మాట విని మీరు సంగీత సాధన ఆపేయాల్సిన పనిలేదు.

2025 మార్చిలో కన్నుమూసిన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ సంగతే చూడండి. ఆయన 1978లో టీటీడీ అన్నమాచార్య ప్రాజెక్టులో చేరారు. అన్నమయ్య రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరుంది. పాడే వరస మాత్రం లేదు. ఆ లోటు పూడ్చడమే ఆయన పనైంది. 600కు పైగా కీర్తనలకు స్వరాలు కట్టారు. మీ ఊరి గుడి మైకులో 'వినరో భాగ్యము విష్ణుకథ' వినే ఉంటారు, ఆ బాణీ ఆయనదే. ఖాళీ టైంలో చేసిన హాబీ కాదది, జీతమిచ్చిన ఉద్యోగం. నెడునూరి కృష్ణమూర్తి వంటి గురువు దగ్గర నేర్చుకున్న విద్యే ఆయనకు అక్కడ పనికొచ్చింది.

అలాంటి పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, నిజమే. గ్రూప్స్ మానేసి పాటే నమ్ముకోమని నేను చెప్పను. కానీ ఏళ్ల తరబడి నేర్చుకున్నది నోటిఫికేషన్ కోసం వదిలేస్తే, రేపు అవకాశం వచ్చిన రోజు గొంతు పలకదు.

నిజామాబాద్‌లోనే ప్రభుత్వ సంగీత, నృత్య పాఠశాల ఉంది, ఆకాశవాణి కేంద్రమూ ఉంది. కోర్సులేమున్నాయో, ఆడిషన్లు ఎప్పుడో వెళ్లి కనుక్కోండి. కోచింగ్ నుంచి వచ్చాక అరగంట సాధన చేయండి. ఆ అరగంటతో ర్యాంకేమీ పోదు, ఇంట్లో కూడా అదే చెప్పండి.