తలుపు గడియలోని యుక్తి

మీ ఇంట్లో ఎన్ని తలుపులున్నవో మీకు తెలుసు. వాటికి ఎన్ని రకాల గడియలున్నవో ఎప్పుడైనా చూశారా?

పాతకాలపు ఇళ్ళలో వీధితలుపు వెనక అడ్డకర్ర ఉండేది. దాని రెండు కొసలూ గోడలో ఇరికిస్తే, బయటివాడు ఎంత తోసినా ఆ బలమంతా గోడకే పోతుంది. గడియ అయితే ఇనపకమ్మీ; జరిపితే ద్వారబంధానికున్న కన్నంలోకి దూరుతుంది. గొళ్ళేన్ని కొక్కేనికి తగిలించి, కావలిస్తే తాళం వేస్తాం.

ఇవన్నీ మనం వేస్తేగాని పడవు. కాని తలుపు మూయగానే "టక్కు"మని తనంతట తానే పడే గడియ ఒకటున్నది. అదే స్ప్రింగు గడియ. దాని నాలుక ఒక పక్క ఏటవాలుగా, రెండో పక్క నిటారుగా ఉంటుంది. తలుపు మూసేటప్పుడు ఏటవాలు పక్క ద్వారబంధానికి తగిలి, జారుతూ, నాలుక లోపలికి పోతుంది. కన్నం ఎదురుగా రాగానే వెనకనున్న స్ప్రింగు దాన్ని బయటికి తోస్తుంది. ఇక తలుపు లాగితే కన్నం అంచుకు తగిలేది నిటారు పక్క. అక్కడ వాలు లేదు గనక నాలుక జారదు, తలుపు రాదు. పిడి తిప్పితేనే నాలుక వెనక్కి పోతుంది. తలుపు తీసిపెట్టి, నాలుకను వేలితో రెండు పక్కలా నొక్కి చూడండి. తేడా మీకే తెలుస్తుంది.

గడియ చిన్న వస్తువే. కాని దానివల్ల ఎంత ఘోరం జరిగిందో వినండి. 1883 జూన్ 16న ఇంగ్లండులోని సండర్లండు పట్టణంలో, విక్టోరియా హాలులో పిల్లలకు వినోద ప్రదర్శన జరిగింది. చివర బహుమానాలు పంచుతున్నారని పైనున్న పిల్లలు మెట్లు దిగి పరుగెత్తారు. కింద తలుపుకు ఒక్కొక్కరే పట్టేటంత సందు ఉంచి గడియ వేసి ఉన్నది. పైగా అది లోపలికి తెరుచుకునే తలుపు. ముందువాళ్ళు ఆగిపోయారు, వెనకవాళ్ళకు ఆ సంగతి తెలియదు. 183 మంది పిల్లలు చనిపోయారు.

ఈ దుర్ఘటన రాబర్ట్ బ్రిగ్స్ అనే ఆయనను ఆలోచింపజేసింది. 1892లో ఆయన ఒక కొత్తరకం గడియకు పేటెంటు పొందాడు. బయటివాళ్ళకు తలుపు మూసే ఉంటుంది. లోపలివాళ్ళు అడ్డకమ్మీని ఒంటితో నెడితే చాలు, గడియ ఊడి తలుపు తెరుచుకుంటుంది. ఇలాంటి కమ్మీలు ఇప్పుడు సినిమాహాళ్ళలో కనిపిస్తవి.

నేను హెడ్మాస్టరుగా ఉండగా ఒక వార్షికోత్సవం నాడు, అల్లరిపిల్లలు జారుకుంటారని హాలు వెనకతలుపుకు బయట గొళ్ళెం పెట్టించాను. తరవాత కొన్నాళ్ళకు ఈ సండర్లండు సంగతి చదివాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మళ్ళీ ఎన్నడూ ఆ పని చెయ్యలేదు.

మీ బడిలో సభ జరిగేనాడు వెనకతలుపు ఒకసారి చూడండి. గొళ్ళెం పెట్టి ఉంటే మాస్టారితో చెప్పండి. ఆయన కోప్పడరు.