కరెంటు పెట్టించుకున్నవారికి వేరే కంచమా?

మాది మహానంది. అమ్మ, చిన్నమ్మ అరటి తోటల్లో కూలికి పోతారు. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది నేనే మొదలు. ఇప్పుడు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. న్యూక్లియర్ ఫిజిక్స్‌లో మంచి మార్కులే వచ్చాయి. అంత చదువూ మా జేజి ముందు తెల్లమొహం వేసింది.

పోయిన ఏడాది చిన్నమ్మకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. పట్నంలో ఆపరేషన్ అయ్యాక ఐదు వారాలు కరెంటు పెట్టారు. రేడియేషన్ చికిత్సను మా వైపు అలాగే అంటారు. ఇంటికొచ్చిన రోజే జేజి ఆమెకు కంచం, లోటా వేరు చేసింది. "ఒంట్లో కరెంటు ఉంటాది, పిల్లోళ్ళకు అంటుకుంటాది" అని పిల్లలను దగ్గరికి పోనివ్వలేదు. చిన్నమ్మ ఏడ్చింది. "నువ్వు చదివేది అదే కదప్పా, చెప్పు" అంది అమ్మ నాతో. నేను నీళ్ళు నమిలాను.

గామా కిరణాలు పదార్థంతో జరిపే చర్యలు మూడని నేను వల్లె వేశాను: కాంతి విద్యుత్ ఫలితం, కాంప్టన్ ఫలితం, జంట ఉత్పత్తి. ఫోటాన్ నేరుగా పరమాణు కేంద్రకాన్నే కదిలించే నాలుగోది ఒకటుంది. అది ఇంపార్టెంట్ కాదని మా గైడులో వదిలేశారు. జేజి అడిగింది సరిగ్గా దాన్నే! బయటి నుంచి వచ్చిన కిరణం ఒంట్లోని కేంద్రకాలను మార్చేస్తుందా?

తిరిగొచ్చి లైబ్రరీలో కూర్చున్నాను. 1934లో చాడ్విక్, గోల్డ్‌హేబర్ గామా కిరణంతో డ్యూటీరియం కేంద్రకాన్ని పగలగొట్టారు. దానికి 2.2 ఎం.ఇ.వి. శక్తి కావాలి (ఎం.ఇ.వి. అంటే పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు). 1947లో బాల్డ్విన్, క్లైబర్ బీటాట్రాన్ కిరణాలతో పరీక్షిస్తే, ఒకానొక శక్తి దగ్గర కేంద్రకాలు ఫోటాన్లను విపరీతంగా మింగడం కనిపించింది. ప్రోటాన్లన్నీ ఒకవైపు, న్యూట్రాన్లన్నీ ఎదురువైపు ఊగుతాయని మరుసటి ఏడాది గోల్డ్‌హేబర్, టెల్లర్ వివరించారు. వేపకొమ్మకు కట్టిన ఉయ్యాలను దాని ఊపు ప్రకారం తోస్తేనే కదా పైకి లేచేది! సీసం కేంద్రకానికి ఆ ఊపు 13, 14 ఎం.ఇ.వి. దగ్గర కుదురుతుంది. తేలిక కేంద్రకాలకు 20 దాటాలి.

ఇక మన ఒళ్ళు. ఒక న్యూట్రాన్‌ను ఊడగొట్టాలంటే నైట్రోజన్‌కు 10.6, ఆక్సిజన్‌కు 15.7, కార్బన్‌కు 18.7 ఎం.ఇ.వి. కావాలి. పాత కోబాల్ట్ యంత్రం కిరణాలు 1.33 దాటవు. చిన్నమ్మకు వాడిన యంత్రం శక్తి 6. ఇంకెక్కడి అంటు? 15, 18 శక్తి గల యంత్రాలలో మాత్రం టంగ్‌స్టన్, సీసం భాగాల నుంచి న్యూట్రాన్లు వస్తాయి. ఆ గదుల తలుపులు అంత మందంగా ఉండేది అందుకే. అప్పుడు కూడా ఒంట్లో పుట్టేది అత్యల్పం. అందులో ఆక్సిజన్-15 రెండు నిమిషాలకు సగమైపోతుంది. ఆ మాటకొస్తే, మా అరటిపండులోని పొటాషియంలోనూ కాస్త రేడియోధార్మికత ఉంది. (మందుగా అయోడిన్ మింగించినవారి సంగతి వేరు. వారు డాక్టరు చెప్పినన్నాళ్ళు దూరం పాటించాల్సిందే.)

ఇదంతా చెబితే జేజి కంచం కలిపింది. లోటా ఇంకా వేరే ఉంది.

ఇలాంటి చదువు మనవాళ్ళకు కొత్త కాదు. భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టిన స్వామి జ్ఞానానంద హిమాలయాల్లో తపస్సు చేసిన సన్యాసి. ఆయన లివర్‌పూల్‌లో ఆ చాడ్విక్ దగ్గరే పరిశోధన చేసి, తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగాన్ని నెలకొల్పారు. మనమేమో ఉద్యోగం రాదని ఫిజిక్స్ వదిలేస్తున్నాం, చదివినా పరీక్ష వరకే చదువుతున్నాం. ఉద్యోగం కావాలి, కాదనను. నాకూ ఇంట్లో అప్పుంది. కానీ ఇంట్లోవాళ్ళు అడిగినదానికి జవాబు చెప్పలేని ఫస్టు క్లాసు నాకు సిగ్గుగానే ఉంది.

అందుకే నా ప్రతిపాదన. ఆదివారం సాయంత్రం స్టడీ అవర్‌లో అరగంట సీనియర్లకివ్వండి. గైడులో లేనిది, ఇంటి దగ్గర అడిగినది ఒక్కటి తెలుగులో చెప్పాలి. మొదటి వారం నేను చెబుతాను. తమ్ముళ్ళూ, సెలవులకు పోయినప్పుడు మీ అవ్వలు, అమ్మలు అడిగే ప్రశ్నలు రాసుకుని రండి.