ఆకు రాలని శరత్తు

అక్టోబరు సగం దాటిందంటే నెల్లూరు వైపు చాలా ఇళ్లలో పెద్దవాళ్ల ఫోన్లు అమెరికా నుంచి వచ్చే ఫొటోలతో ఎర్రబారతాయి. వర్జీనియాలో షెనెండోవా కొండల మీది స్కైలైన్ డ్రైవ్, టెన్నెసీ పక్క స్మోకీ పర్వతాలు, మేపుల్ చెట్ల కింద స్వెట్టర్లు తొడుక్కుని నిలబడ్డ మనవళ్లు. వారాంతం వస్తే చాలు, మనవాళ్లు అక్కడ కొండదారులు పట్టి ఆకులు చూడటానికి పోతున్నారు. చూడదగ్గవే. పగటి పొద్దు తగ్గి చలి మొదలయ్యేసరికి ఆ చెట్లు ఆకులోని పత్రహరితాన్ని విడగొట్టి, పనికొచ్చే సారాన్ని కొమ్మల్లోకి లాక్కుంటాయి. ఏడాదంతా పచ్చదనం చాటున దాగిన పసుపు అప్పుడు బయటపడుతుంది. ఎరుపు అలా దాగి ఉన్నది కాదు. చాలా చెట్లలో అది రాలబోయే ముందు కొత్తగా తయారవుతుంది.

ఆ ఫొటోలు చూసి మనకిలాంటి కాలమే లేదే అని నిట్టూర్చేవాళ్లు ఒకసారి దొరవారిసత్రంలో దిగాలి. గూడూరు నుంచి చెన్నై పోయే రైలుమార్గంలో, హైవే పక్కనే ఉన్న ఊరు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు తిరుపతి జిల్లాలో చేరింది గానీ, మాటా వానా ఇంకా నెల్లూరువే.

పంచాంగం లెక్కన ఆశ్వయుజ కార్తీకాలు శరత్తు. తేటపడ్డ ఆకాశం, పిండారబోసిన వెన్నెల అని చదువుకున్నాం. ఈ తీరంలో ఆ రెండు నెలలూ ముసురే. నైరుతి వానలు ఇటు మొహం చూపించి పోతాయి. చెరువు నిండాలంటే ఈశాన్య రుతుపవనాలే దిక్కు. బంగాళాఖాతంలో వాయుగుండం కబురు వినపడకుండా కార్తీకం గడిచిపోతే రైతుకు నిద్ర పట్టదు. అటు వర్జీనియా శరత్తూ ఇటు కావ్యాల శరత్తూ రెండూ ఈ ఊరికి అతకవు. దీని శరత్తు దీనికుంది, అదీ పచ్చటిది.

మండలంలోని నేలపట్టు చెరువుకు వెళితే అది కళ్లకు కడుతుంది. 1976లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించిన ఈ చోటు సుమారు 459 హెక్టార్లు. చెరువులో కడప చెట్లు మొదళ్లు మునిగేలా నీళ్లలో నిలబడి ఉంటాయి. ఇంగ్లీషువాళ్లు వీటికి ఇండియన్ ఓక్ అని పేరు పెట్టారు. ఓక్ చెట్టుతో వీటికి చుట్టరికమేమీ లేదు, ఇల్లు గుర్తొచ్చి పెట్టుకున్నారేమో. నెలల తరబడి నీట మునిగినా కుళ్లని ఈ చెట్ల మీదే గూడబాతులు పుల్లలు పేర్చి గూళ్లు కడతాయి. కింద నీళ్లుంటే పిల్లి, నక్క దరికి రాలేవు. అందుకే వాన కోసం అవీ రైతులాగే ఎదురుచూస్తాయి. నవంబరు వచ్చేసరికి కొమ్మకొమ్మకూ కాపురాలు వెలుస్తాయి, పక్కనే నత్తగుల్ల కొంగలు, నీటికాకులు. రెట్టలు పడీ పడీ ఆకులు సున్నం వేసినట్టు తెల్లబడతాయి. అమెరికాలో ఆకు ఎరుపెక్కే వేళకు ఇక్కడ ఆకు తెలుపెక్కుతుందన్నమాట. ఆ రెట్ట చెరువు నీళ్లలో కలిసి, కింది పొలాలకు ఎరువై పారుతుంది. ఇంకోమాట. గూడబాతులు సైబీరియా నుంచి వస్తాయని ఏటా రాసేస్తుంటారు. అవి మన దేశపు పక్షులే. సొంతవాటిని విదేశీ అతిథులంటే తప్ప మనకు చూడబుద్ధి కాదు కాబోలు.

చెరువు గట్టు దిగితే అడవి. అల్లి, పాల చెట్లు గుబురుగా అల్లుకున్న చిట్టడవి. వాన మూడు నెలలు, ఎండ తొమ్మిది నెలలు ఉండే చోట ఆకు రాల్చుకోవడమే తెలివైన పని అనిపిస్తుంది. ఈ చెట్లు అలా చేయవు. ఒక అల్లి ఆకు తెంపి చూడండి, తోలులా మందంగా, నున్నగా ఉంటుంది, గోరు అంత తేలిగ్గా దిగదు. ఆ మందమే లోపలి తడిని కాపాడుతుంది. అందుకే మేలోనూ ఇక్కడ పచ్చదనం పోదు.

మరి ఎర్రటి ఆకు కావాలంటారా? దానికి కొండలెక్కక్కర్లేదు, బడి ఆవరణలో నాటుబాదం చాలు. సంక్రాంతి దాటాక దాని ఆకులు ఒక్కొక్కటీ కుంకుమ రంగుకు తిరుగుతాయి. ఒకే ఆకులో ఈనెల వెంట పసుపు, అంచున ఎరుపు, మధ్యలో ఇంకా చావని పచ్చ. అరచేతికన్నా పెద్ద ఆకు. బడి ఊడ్చే ఆయమ్మకు అది చెత్త, మనకూ అంతే.

కార్తీకంలో ఉసిరి చెట్టు వెతుక్కుంటూ ఊరి బయటికి నడిచిన జనం మనం. ఇప్పుడు వనం పోయి భోజనం మిగిలింది. కులానికొక వనభోజనం, దానికొక మైకు, వేదిక మీద ఎమ్మెల్యే. తడ దగ్గరి ఉబ్బలమడుగు అడవిలో నడవడానికి చెన్నై కుర్రాళ్లు వస్తారు గానీ, పక్క ఊళ్లవాళ్లలో ఆ దారి తొక్కినవాళ్లు ఎందరో అనుమానమే.

ఈ పక్షుల కోసమే దగ్గర్లోని సూళ్లూరుపేటలో 2001 నుంచి ఫ్లెమింగో పండుగ జరుపుతున్నారు. మంచిదే. అయితే అది సాధారణంగా జనవరిలో, ఆర్కెస్ట్రాలతో, బస్సుల నిండా జనంతో సాగుతుంది. అప్పటికి నేలపట్టు గూళ్లలో చాలా పిల్లలు ఎదిగిపోయి ఉంటాయి. గూడు కట్టడం, పుల్ల కోసం కొట్లాడుకోవడం చూడాలంటే నవంబరులో, వాన తెరిపిచ్చిన పొద్దున, సెలవు కాని రోజు చూసుకుని రావాలి. పిల్లల్ని తెస్తే బడి ఒకరోజు మానిపించినా తప్పులేదు. కొట్టొచ్చే రంగు బట్టలు వద్దు, మైకు అసలే వద్దు. గొడుగు మాత్రం మరవకండి.